రోజూనా? రేపా? – మా టెన్సుల చదువు



మన హాస్టల్లో అందరికంటే ఎక్కువ మందిని ఏడిపించే పాఠం ఏది అని అడిగితే సగం మంది లెక్కలు అంటారు, సగం మంది ఇంగ్లీషు అంటారు. ఇంగ్లీషులో ఏది అంటే మాత్రం అందరూ ఒకటే మాట అంటారు. టెన్సులు. గోడ మీద చార్టు ఉంటుంది. మూడు కాలాలు, ఒక్కొక్క కాలానికి నాలుగు రకాలు, మూడు నాలుగులు పన్నెండు. సింపుల్ ప్రెజెంటు, ప్రెజెంట్ కంటిన్యూయస్, ప్రెజెంట్ పర్ఫెక్టు అని పన్నెండు పేర్లూ పద్యంలాగ అప్పజెప్పేస్తాం. ఎవరైనా వచ్చి "నిన్న ఏం తిన్నావు?" అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నేల చూపులు చూస్తాం. పేర్లు వచ్చు, మాట రాదు. చేప పేర్లన్నీ తెలిసినా గెడ్డలో దిగకపోతే కూరకి చేప రాదు కదా.

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదట. అమ్మ వేలిముద్ర వేస్తుంది. నాన్న సంతలో చింతపండు, కొండచీపుర్లు అమ్మి డబ్బులు లెక్కపెడతాడు కానీ కాగితం చదవలేడు. ఇంట్లో మేం సవర మాట్లాడతాం. తెలుగు బడిలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఆ తర్వాత వచ్చింది. అందుకని ఒక భాష లోపల నిలబడి ఇంకో భాషలోకి వెళ్లడం ఎంత కష్టమో మనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు అని నేను అనుకుంటాను.

ఈ ఏడాది సెప్టెంబరు నెలలో వార్డెన్ మేడం గారు నన్ను పిలిచి, ఆరో తరగతి పిల్లలు ఆరుగురికి రాత్రి స్టడీ అవర్లో ఇంగ్లీషు చెప్పమన్నారు. వాళ్లలో నలుగురు సవర పిల్లలు. ఒక పిల్ల జాతాపు, ఒక పిల్ల గదబ. సవర పిల్లల్లో ఒకామె బాగా చిన్నగా ఉంటుంది, నాకు చెల్లి వరస అవుతుంది. క్లాసులో నోరు విప్పదు. ఒక రోజు నాతో సవరలో అంది: "అక్కా, నాకు ఇవి రావు. సంక్రాంతికి ఇంటికి వెళ్లిపోతాను. మరి రాను."

అలాగ వెళ్లినవాళ్లను మనం చూశాం. పండగకి ట్రంకు పెట్టె పట్టుకుని వెళ్తారు, మరి రారు. తర్వాత సంతలో కనిపిస్తారు, నెత్తి మీద అనాసపళ్ల గంపతో. మనల్ని చూసి మొహం తిప్పుకుంటారు. పని చెయ్యడం తప్పు కాదు. కానీ టెన్సులు రాలేదు అనీసి ఒక పిల్ల చదువు ఆగిపోకూడదు అని నాకు అనిపించింది. అందుకే ఆ చార్టుని కొన్నాళ్లు పక్కన పెట్టాం. ఎలాగ నేర్చుకున్నామో మీకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది: రోజూనా? రేపా?

తెలుగులో "ఐదు గంటలకు లేస్తాను" అంటాం. ఇది రోజూ లేవడమా, రేపు లేవడమా? రెండూను. "రోజూ లేస్తాను" అన్నా "లేస్తాను", "రేపు లేస్తాను" అన్నా "లేస్తాను". మాట మారదు. ఇంగ్లీషుకి అది కుదరదు. రోజూ అయితే "ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్". రేపు అయితే "ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్". మనలో చాలామంది "డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్" అంటాం. అది మన తెలివితక్కువతనం కాదు. మన భాష ఒకే గంపలో వేసినదాన్ని ఇంగ్లీషు రెండు గంపల్లో వేస్తుంది, అంతే.

అందుకని మా ఆరుగురికీ ఒక నియమం పెట్టాను. నోరు తెరిచే ముందు లోపల ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రోజూనా? రేపా? రోజూ అయితే విల్ వద్దు. మన హాస్టల్ టైంటేబుల్ అంతా "రోజూ" గంపే. వుయ్ గెట్ అప్. వుయ్ బ్రష్ అవర్ టీత్. వుయ్ గో టు ప్రేయర్. వుయ్ ఈట్ ఉప్మా. గంట కొట్టినప్పుడల్లా ఒక వాక్యం. వారం రోజుల్లో గంట వినబడితే వాక్యం దానంతట అదే వచ్చేసేది.

ఇక్కడే ఇంకొకటి ఉంది. షి, హి, ఇట్ వస్తే మాటకి చివర ఒక స్ అతుక్కుంటుంది. షి గెట్స్ అప్. తెలుగులో నేను లేస్తాను, నువ్వు లేస్తావు, ఆమె లేస్తుంది అని అందరికీ తోక మారుతుంది. ఇంగ్లీషులో ఒక్క తోకే ఉంది, అదీ మరిచిపోతాం. జాతాపు చెల్లి దానికి "ఒంటి తోక" అని పేరు పెట్టింది. ఆ పేరు పెట్టాక ఎవరూ మరిచిపోలేదు.

రెండవది: చేతిలో ఉన్న పని

ఇప్పుడే జరుగుతున్న పనికి పుస్తకం ముందు కూర్చుని ఉదాహరణలు రాయలేదు. కుళాయి దగ్గరికి వెళ్లాం. ప్లేటు కడుగుతూ "ఐ యామ్ వాషింగ్ మై ప్లేట్" అనాలి. పక్క పిల్లని చూపించి "షి ఈజ్ వాషింగ్ హర్ ప్లేట్" అనాలి. కడగడం అయిపోయాక ఆ వాక్యం అనకూడదు. చెయ్యి తడిగా ఉన్నంతసేపే ఆ వాక్యానికి ప్రాణం. వంట అక్క మమ్మల్ని చూసి "ఏటే, ప్లేట్లకి మంత్రాలేస్తున్నారా?" అని నవ్వింది.

కానీ అన్ని మాటలూ ఈ గంపలో పట్టవు. తెలియడం, కావాలనడం, ఇష్టపడడం చేత్తో చేసే పనులు కావు. అందుకే "ఐ యామ్ నోయింగ్" అనరు, "ఐ నో" అంటారు. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అంటే "ఐ హావ్ టు బ్రదర్స్", "ఐ యామ్ హావింగ్" కాదు.

మూడవది: ఒక పెట్టెకు ఒకే తాళం

అయిపోయిన పనికి మాట మారుతుంది. వాక్ వాక్డ్ అవుతుంది. ఈ చివరి అక్షరాలు ఎప్పుడూ ఒకలాగే రాస్తారు కానీ మూడు రకాలుగా పలుకుతారు. వాక్డ్‌లో చివర ట్ లాగ వినబడుతుంది. ప్లేడ్‌లో డ్. వాంటెడ్‌లో ఇడ్. నోటితో పలికితేనే ఇది తెలుస్తుంది, కళ్లతో చూస్తే తెలీదు.

కొన్ని మాటలు ఈ నియమానికి లొంగవు. గో వెంట్ అవుతుంది, ఈట్ ఏట్ అవుతుంది, కమ్ కేమ్ అవుతుంది. కట్, పుట్, షట్, హిట్ అయితే అసలు మారవు. రీడ్ రాతలో మారదు, పలికేటప్పుడు రెడ్ అవుతుంది. ఇలాంటివి ఇరవై ఐదు ఏరి చీటీల మీద రాశాం. చీటీ తీసినామె మూడు రూపాలూ చెప్పాలి. చెబితే ఒక చింతపిక్క. శనివారం రాత్రికి ఎవరి దగ్గర ఎక్కువ పిక్కలు ఉంటే ఆమెకు ముందు వరసలో కూర్చునే చోటు.

ప్రశ్న వేసేటప్పుడు కష్టం వస్తుంది. తెలుగులో "వచ్చావు" చివర దీర్ఘం తీస్తే "వచ్చావా?" అయిపోతుంది. ఇంగ్లీషులో ముందు డిడ్ రావాలి. "డిడ్ యు కమ్?" అనాలి, "డిడ్ యు కేమ్?" అనకూడదు. ఎందుకు అని గదబ చెల్లి అడిగింది. నేను ట్రంకు పెట్టె చూపించాను. పెట్టెకు తాళం ఒకటి వేస్తాం, రెండు వెయ్యం. డిడ్ అనేది గడిచిన కాలపు తాళం. అది పడ్డాక మాటకి మళ్లీ తాళం అక్కర్లేదు. డజ్ కూడా అంతే. డజ్ చివర ఒంటి తోక ఉంది కనుక "డజ్ షి కమ్?" అనాలి. తోక డజ్ తీసుకుపోయింది.

నాల్గవది: కడుపులో ఇంకా ఉన్నదా?

ఇది అన్నిటికంటే కష్టమైనది. ప్రెజెంట్ పర్ఫెక్టు. "తిన్నాను" అనే మన ఒక్క మాటకి ఇంగ్లీషులో రెండు ఉన్నాయి. "ఐ ఏట్", "ఐ హావ్ ఈటెన్". ఏది ఎప్పుడు?

రాత్రి వార్డెన్ మేడం గారు వరండాలో నడుస్తూ "అందరూ తిన్నారా?" అని అడుగుతారు. ఆవిడకి మనం ఎన్ని గంటలకి తిన్నామో అక్కర్లేదు. ఇప్పుడు మన కడుపు నిండుగా ఉందా, ఎవరైనా పస్తు పడుకుంటున్నారా, అది కావాలి. అప్పుడు "యెస్ మేడం, వుయ్ హావ్ ఈటెన్" అనాలి. పని అయిపోయింది, దాని ఫలితం ఇంకా మనతో ఉంది. అదే "నిన్న రాత్రి ఏడింటికి తిన్నాం" అని సమయం చెబితే "వుయ్ ఏట్ ఎట్ సెవెన్" అనాలి. నిన్న, కిందటి ఏడు, సోమవారం అని గడిచిపోయిన సమయం పేరు చెప్పామా, హావ్ వెళ్లిపోతుంది.

ఇది తెలుగులో చెబితే నలుగురికి అర్థమైంది. ఆ చిన్న చెల్లికి అర్థం కాలేదు. అప్పుడు సవరలో చెప్పాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. సవరలో గ్రామర్ లేదు, అది కొండ మాట అని కొందరు అంటారు. మనలో కూడా కొందరు నమ్ముతారు. ఆగస్టు 29న మన బడిలో తెలుగు భాషా దినోత్సవం జరిపారు కదా. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. ఆ ఊరు 1936 నుంచి ఒడిశాలో ఉంది. మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని పోరాడింది ఆయనే. కానీ ఆ రోజు మాస్టారు ఇంకొకటి చెప్పారు. ఆయన మన సవరవాళ్ల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. పిల్లలకి సవరలో చదువు చెప్పించారు. సవర భాషకి వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయ్యింది. రాసింది ఏ భాషలోనో తెలుసా? ఇంగ్లీషులో! అంటే మన మాటలో ఉన్న కాలాలని ఇంగ్లీషువాళ్లకి ఒకాయన అప్పుడే పాఠంగా చెప్పారు. ఇప్పుడు వాళ్ల కాలాలని మనం నేర్చుకుంటున్నాం. అది విన్నాక నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

సవరలో ఎలా ఉంటుందో మా ఊళ్లో పలికినట్టు రాస్తాను. ఞెన్ అంటే నేను. జుమ్ అంటే తినడం. జుమ్‌తయ్ అంటే తింటాను. జుమ్‌లయ్ అంటే తిన్నాను. మధ్యలో త వస్తే ఇంకా గడవని పని. ల వస్తే గడిచిన పని. ఆ త లోనే రోజూ తినడం, రేపు తినడం రెండూ ఉన్నాయి, అచ్చం తెలుగులాగే. సవర ముండా భాషల కుటుంబం, తెలుగు ద్రావిడ కుటుంబం, ఇంగ్లీషు ఇంకో కుటుంబం. మూడు ఇళ్ల భాషలు. అయినా రెండు ఇళ్లలో ఒకే అలవాటు ఉంది. మూడో ఇంట్లో వేరే అలవాటు ఉంది. అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు.

ఆ చెల్లికి ఇదే చెప్పాను. "నీకు కాలాలు రావని ఎవరన్నారు? నువ్వు రెండేళ్లప్పుడే త, ల కలపకుండా మాట్లాడావు. ఎవరూ చార్టు పెట్టి నేర్పలేదు. ఇప్పుడు నీ ల గంపలో ఉన్నవాటిని రెండు కుప్పలు చెయ్యి. ఎప్పుడు జరిగిందో సమయం చెప్పేవి ఒక కుప్ప. ఫలితం ఇంకా ఉన్నవి ఒక కుప్ప." ఆ పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సవరలోనే వాక్యాలు చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ కిందటి వారం సంతకి వెళ్లింది, ఇది మొదటి కుప్ప. నా చెప్పు తెగిపోయింది, ఇది రెండో కుప్ప, ఇదిగో చూడు ఇంకా తెగే ఉంది. తొమ్మిది చెబితే ఎనిమిది సరిపోయాయి.

ఇదంతా ఎందుకు, పరీక్షలో రెండు మార్కుల కోసమా అని కొందరు అడుగుతారు. దానికి జవాబుగా మా ఇంట్లో జరిగింది రాస్తాను.

దసరా సెలవులకి ఆదివారం నేను ఇంటికి వెళ్లేసరికి మా తమ్ముడి కాలికి గుడ్డ కట్టి ఉంది. శుక్రవారం కుక్క కరిచిందట. నాన్న ఎత్తుకుని కొండ దిగి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంజక్షను వేసి చీటీ ఇచ్చారు. జనం ఎక్కువగా ఉన్నారు, తమ్ముడు ఏడుస్తున్నాడు, వాళ్లు చెప్పింది నాన్నకి సరిగ్గా వినబడలేదు. ఊళ్లో కొద్దిగా చదివిన అబ్బాయికి చీటీ చూపిస్తే, "రెండుచోట్ల గివెన్ అని ఉంది. అన్నీ ఇచ్చీసినారు" అన్నాడట. అందరూ నిశ్చింతగా ఉన్నారు.

నేను చీటీ చదివాను. మొదటి వరసలో "ఫస్ట్ డోస్ గివెన్" అని ఉంది. రెండో వరసలో మిగతా డోసుల గురించి "టు బి గివెన్" అని ఉంది. పక్కన డి 3, డి 7, డి 28 అని అంకెలు. గివెన్ అంటే ఇచ్చారు. టు బి గివెన్ అంటే ఇంకా ఇవ్వాలి. మధ్యలో రెండు చిన్న మాటలు. అమ్మకి సవరలో చెప్పాను: "ఒకటి ల. మిగతావి త." అమ్మకి అప్పుడే అర్థమైంది. ఇంకేమీ అడగలేదు.

కరిచిన రోజుని సున్నా అని లెక్కపెడితే మూడో రోజు సోమవారం. తెల్లారకుండా అమ్మ, నాన్న, నేను తమ్ముడిని తీసుకుని దిగాం. రెండోది వేశారు. తర్వాత ఏడో రోజుది, ఇరవై ఎనిమిదో రోజుది నాన్నే లెక్క పెట్టుకుని తీసుకెళ్లాడు. చూరు కింద గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. కుక్క కరిస్తే వెంటనే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీళ్లతో కడగాలి, సూదులన్నీ పూర్తిగా వేయించుకోవాలి. రేబిస్ జబ్బు లక్షణాలు ఒకసారి కనిపించాక మనిషి బతకడం దాదాపు ఉండదు. ఇది సైన్సు మేడం గారు కూడా చెప్పారు. మా తమ్ముడు ఇప్పుడు చింతచెట్లు ఎక్కుతున్నాడు.

టెన్సులు మార్కుల కోసమే కాదు అని నేను ఆ రోజు నుంచి అనుకుంటున్నాను. కాగితం మీద ఏది అయిపోయింది, ఏది ఇంకా కావాలి అని తెలుసుకోవడం కోసం. మన ఇళ్లకి చాలా కాగితాలు వస్తాయి. చదివేది మనమే.

సంక్రాంతి వచ్చింది. ఆ చిన్న చెల్లి కూడా అందరిలాగే పెట్టె సర్దుకుని వెళ్లింది. వస్తాను అనలేదు, రాను అని కూడా అనలేదు. సెలవులు అయిపోయాక మొదటి రోజు రాలేదు. రెండో రోజు రాలేదు. నేను స్టడీ అవర్లో ఐదుగురికే చెప్పాను. నాలుగో రోజు సాయంత్రం గేటు దగ్గర వాళ్ల నాన్నతో నిలబడి ఉంది. కొత్త కందులు నూర్చడానికి ఉండిపోయారట. మేడం గారు "ఏం, ఇప్పుడా రావడం?" అని గట్టిగానే అడిగారు. ఆ పిల్ల నేల చూడలేదు. "మేడం, ఐ హావ్ కమ్" అంది.

మేడం గారు ఒక నిమిషం ఆగి, "వెళ్లి ప్లేటు తెచ్చుకో, అన్నం అయిపోతుంది" అన్నారు.

సమయం చెప్పలేదు కనుక హావ్ సరిపోయింది. ఫలితం ఎదురుగా నిలబడి ఉంది కనుక ఇంకా సరిపోయింది.

చివరిగా ఉపాధ్యాయులకు, వార్డెన్ మేడం గారికి ఒక మనవి. కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు సవరలోనో, గదబలోనో ఒక మాట అనుకోవడానికి అనుమతి ఇవ్వండి. క్లాసులో నవ్వేవాళ్లని మందలించండి. ఇంటి భాష ఇంగ్లీషుకి అడ్డం కాదు, మెట్టు. చార్టు కూడా ఉండనివ్వండి, వాక్యాలు వచ్చాక ఆ పన్నెండు పేర్లు తేలిగ్గానే వస్తాయి.

చెల్లెళ్లకు ఒక మాట. శనివారం రాత్రి భోజనాలయ్యాక కుళాయి దగ్గర మా క్లాసు ఉంటుంది. ఏ తరగతివాళ్లయినా రావచ్చు. పుస్తకం అక్కర్లేదు. కడగని ప్లేటు, నాలుగు చింతపిక్కలు తెచ్చుకోండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని